కారణం చెప్పని శిక్ష

2016 జూన్ 3న బాక్సర్ ముహమ్మద్ అలీ కన్నుమూశాడు. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు ఒకప్పుడు అతన్ని దేశద్రోహి అన్న అమెరికా ఆ వారమంతా అతని గుణగానం చేసింది. సొంతూరు లూయీవిల్ వీధుల్లో అంతిమయాత్ర పొడవునా జనం బారులు తీరారు. అప్పట్లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న డోనాల్డ్ ట్రంప్ కూడా గొప్ప ఛాంపియన్ పోయాడని బాధపడ్డాడు. సరిగ్గా పన్నెండు వారాలకు, ఆగస్టు 26న, కాలిఫోర్నియాలోని శాంటా క్లారా స్టేడియంలో జాతీయ గీతం వినిపిస్తుండగా శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ కాలిన్ కేపర్నిక్ బెంచీ మీద నుంచి లేవలేదు. నల్లవాళ్ళను అణగదొక్కే దేశపు జెండా ముందు గర్వంగా నిలబడలేనని ఆట అయ్యాక చెప్పాడు. నచ్చకపోతే ఇంకో దేశం చూసుకోమని ట్రంప్ అన్నాడు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి మాట్లాడటం అప్పుడే మొదలైంది. 2017లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక అలీ పేరు మీద ఇచ్చే పురస్కారాన్ని కేపర్నిక్‌కే ఇచ్చింది. నల్లజాతి క్రీడాకారుడు, మంచి వయసు, చేతిలో కీర్తి, ఎదురుగా రాజ్యం, నోట ఒక నిరాకరణ: పోలిక తేలిగ్గానే కుదురుతుంది. సగందాకా అది నిజం కూడా. మిగతా సగం కోసం వాళ్ళ ధైర్యాన్ని కాదు, వాళ్ళకు పడిన శిక్షలను చదవాలి. ఎవరు వేశారు, ఎక్కడ రాశారు, దాని మీద ఎవరికి మొర పెట్టుకోవచ్చు? ఈ మూడు ప్రశ్నల దగ్గర అలీ కథా కేపర్నిక్ కథా రెండు దారులైపోతాయి.

ముందు హ్యూస్టన్. 1967 ఏప్రిల్ 28న సైనిక భర్తీ కేంద్రంలో యువకులను వరసగా నిలబెట్టి పేర్లు పిలిచారు. పేరు విన్నవాడు ఒక అడుగు ముందుకు వేస్తే సైన్యంలో చేరినట్టే. అలీని అతను వదిలేసిన పాత పేరుతో, కాసియస్ క్లే అని పిలిచారు. అతను కదల్లేదు. ఒక అధికారి పక్కకు తీసుకెళ్ళి ఐదేళ్ళ జైలు పడుతుందని హెచ్చరించి మళ్ళీ వరసలో నిలబెట్టాడు. మళ్ళీ పిలిచినా కదల్లేదు. తాను ఇస్లాం మత బోధకుణ్ణనీ, కాబట్టి చేరనక్కర్లేదనీ కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆ రోజే న్యూయార్క్ రాష్ట్ర క్రీడా సంఘం అతని బాక్సింగ్ లైసెన్సు నిలిపివేసింది. హెవీవెయిట్ టైటిల్ పోయింది. జూన్ 20న అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ 21 నిమిషాల్లో దోషి అని తేల్చింది. ఐదేళ్ళ జైలు, 10,000 డాలర్ల జరిమానా. పాస్‌పోర్టు తీసేసుకోవడంతో విదేశాల్లో ఆడుకునే దారి కూడా మూసుకుపోయింది. అప్పటికి అతని వయసు 25.

ఇంత కఠినమైన శిక్షలో ఒక సంగతి చూడండి. అలీ నిరాకరణ కాగితం మీద ఉంది. ప్రభుత్వం వేసిన శిక్షా కాగితం మీదే ఉంది. లైసెన్సు ఆపినవాళ్ళకు చిరునామా ఉంది, తీర్పు చెప్పినవాళ్ళకు పేరుంది. రాజ్యం దెబ్బ కొట్టింది, కానీ సంతకం పెట్టి కొట్టింది. సంతకం ఉన్న చోటల్లా పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది.

అలీ లాయర్లు ఆ కొసలు పట్టుకునే లాగారు. శిక్షపడ్డవాడికి లైసెన్సు ఇవ్వలేమని న్యూయార్క్ క్రీడా సంఘం అన్నది కదా, ఆ సంఘం పాత దస్తాలు తీయించారు. దొంగతనాలు, దాడులు చేసి జైలుకెళ్ళొచ్చిన ఎందరో బాక్సర్లకు, సైన్యంలో ఉండగా నేరం చేసి శిక్ష పడ్డవాళ్ళకు కూడా, అదే సంఘం లైసెన్సులిచ్చిందని వాటిలోనే తేలింది. అలీ ఒక్కడికే ఎందుకు కాదన్నారని 1970లో ఫెడరల్ కోర్టు నిలదీసింది. అదే సంవత్సరం అక్టోబరు 26న అట్లాంటాలో అతను మళ్ళీ రింగులోకి దిగాడు. జార్జియాలో రాష్ట్ర క్రీడా సంఘమే లేకపోవడం అక్కడ కలిసొచ్చింది.

అసలు మలుపు సుప్రీంకోర్టులో. 1971 జూన్ 28న ఎనిమిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా అలీ శిక్షను కొట్టేశారు. దీన్ని యుద్ధం మీద మనస్సాక్షి సాధించిన గెలుపుగా చెప్పుకుంటారు. తీర్పు చదివితే అలా ఉండదు. మొదట మెజారిటీ అలీకి వ్యతిరేకంగానే ఉంది. ఆ తీర్పు రాయాల్సిన జస్టిస్ హార్లన్ మనసు మార్చుకున్నాడు. అప్పటికీ యుద్ధం తప్పని గానీ, అలీ చెప్పింది సత్యమని గానీ కోర్టు అనలేదు. భర్తీ అప్పీలు బోర్డుకు న్యాయశాఖ రాసిన ఉత్తరం మనస్సాక్షి కారణంగా యుద్ధం నుంచి మినహాయించమన్న అలీ అభ్యర్థనను తోసిపుచ్చడానికి మూడు కారణాలు చెప్పింది. అతని నమ్మకం మతానికి సంబంధించినదేననీ, నిజాయితీ గలదేననీ ఆ తర్వాత ప్రభుత్వమే కోర్టులో ఒప్పుకుంది. అంటే రెండు కారణాలు చెల్లలేదు. బోర్డు మూడింటిలో దేన్ని పట్టుకుని అలీకి కాదని చెప్పింది? బోర్డు చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి శిక్ష నిలవదని కోర్టు తేల్చింది. దీన్ని సాంకేతిక కారణమని చిన్నచూపు చూసేవాళ్ళతో నేను ఏకీభవించను. మనిషిని శిక్షించేవాడు కారణం చెప్పి తీరాలన్నది చిన్న సూత్రం కాదు.

ఇప్పుడు కేపర్నిక్. కూర్చోవడం సైనికులకు అవమానంగా ఉందని విమర్శ వచ్చినప్పుడు అతను మొండికెయ్యలేదు. సైన్యంలో పనిచేసి వచ్చిన నేట్ బోయర్ అనే ఆటగాడితో కూర్చుని మాట్లాడాడు. కూర్చోవద్దు, మోకాలి మీద నిలువు, చనిపోయిన తోటి సైనికుడి సమాధి దగ్గర మేం చేసేది అదే అని బోయర్ సలహా ఇచ్చాడు. సెప్టెంబరు 1న శాన్‌డియాగోలో కేపర్నిక్ మోకాలి మీదికి దిగాడు. ఎదుటివాడి మాట విని తన నిరసన తీరునే మార్చుకున్న మనిషిని దేశానికి అవమానం చేశాడన్నారు. ఈ కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

2017 మార్చిలో జట్టుతో అతని ఒప్పందం ముగిసింది. తనకున్న వెసులుబాటు వాడుకుని అతనే బయటికొచ్చాడు. రాకపోయినా జట్టు తీసేసేదే. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్.ఎఫ్.ఎల్.లో 32 జట్లున్నాయి, ఒక్కో జట్టుకు ఇద్దరు ముగ్గురు క్వార్టర్‌బ్యాకులు కావాలి. ఏ జట్టూ అతన్ని తీసుకోలేదు. తీసుకోబోమని ఏ జట్టూ ఉత్తరం రాయలేదు. నిషేధం లేదు, సస్పెన్షన్ లేదు, జరిమానా లేదు. ఫోను మోగలేదు, అంతే.

జట్ల యజమానుల వైపు చెప్పుకోదగ్గ మాట ఒకటుంది. అలీని ఆపినప్పుడు అతను ఓటమి ఎరుగని ప్రపంచ ఛాంపియన్. కేపర్నిక్ 2013లో జట్టును లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ దాకా తీసుకెళ్ళినవాడే అయినా, 2016లో అతను మొదలుపెట్టిన 11 ఆటల్లో జట్టు గెలిచింది ఒక్కటే. కాబట్టి ఆట తగ్గింది, అందుకే తీసుకోలేదు అనొచ్చు. కానీ ఆ ఏడాదే అతను 16 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, ప్రత్యర్థి చేతికి చిక్కినవి నాలుగే. ఓడిపోయే జట్టులో అవి పనికిరాని అంకెలు కావు. మొదటి ఆటగాడిగా కాకపోయినా రెండోవాడిగా, మూడోవాడిగా కూడా 32 జట్లలో ఎవరికీ అక్కర్లేనంత చెడ్డ ఆటగాడని నేను నమ్మలేను. ఇక్కడ నా నమ్మకానికీ, వాళ్ళ వాదనకీ మధ్య తీర్పు చెప్పే చోటు లేకపోవడమే అసలు సమస్య.

2017 అక్టోబరులో కేపర్నిక్ జట్లన్నీ కుమ్మక్కయ్యాయని ఫిర్యాదు చేశాడు. లీగ్ ఒప్పందం ప్రకారం కుమ్మక్కు అంటే జట్ల మధ్య అంగీకారం ఉన్నట్టు రుజువు చెయ్యాలి. 32 మంది యజమానులు ఎవరికి వారు ఒకే భయంతో ఒకే నిర్ణయం తీసుకుంటే నియమం తప్పినట్టు కాదు. అయినా ఫిర్యాదులో పస లేదు, కొట్టెయ్యమని లీగ్ అడిగితే మధ్యవర్తి స్టీఫెన్ బర్‌బ్యాంక్ 2018 ఆగస్టులో ఒప్పుకోలేదు. సాక్ష్యాలు బయటికొచ్చే సమయానికి, 2019 ఫిబ్రవరిలో, ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. షరతులు గోప్యం. అతని కథలో చివరికి ఒక కాగితం పుట్టిందంటే అది ఎవరూ చదవకూడని కాగితం.

అలీ విషయంలో బోర్డు కారణం చెప్పనందుకు శిక్ష రద్దయింది. కేపర్నిక్ విషయంలో ఎవరూ కారణం చెప్పనందుకే శిక్ష నిలిచిపోయింది.

అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ మాట్లాడే హక్కును ప్రభుత్వం నుంచి కాపాడుతుంది గానీ యజమాని నుంచి కాపాడదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేసే మన పిల్లలకు ఇది పాఠం చెప్పనక్కర్లేని విషయం. అక్కడ కారణం చెప్పకుండా ఉద్యోగం తీసెయ్యొచ్చు, వీసా మీదున్నవాడికి ఆ తర్వాత మహా అయితే 60 రోజుల గడువు. అదే బడిలో అయితే జెండాకు వందనం చెయ్యమని పిల్లల్ని బలవంతపెట్టే అధికారం ప్రభుత్వానికి లేదని అమెరికా సుప్రీంకోర్టు 1943లోనే, యుద్ధం నడుస్తుండగా చెప్పింది. కేరళలో జనగణమన పాడకుండా మౌనంగా నిలబడ్డ ముగ్గురు పిల్లల్ని బడి నుంచి తీసేసినప్పుడు, 1986లో వాళ్ళను తిరిగి చేర్చుకోమన్న తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి మన తెలుగువాడు. ఆ అమెరికన్ తీర్పును ఆయన తన తీర్పులో చర్చించాడు. రెండు దేశాల్లోనూ బడిపిల్లలకు దొరికిన రక్షణ కోట్ల మంది చూసే ఆటగాడికి దొరకలేదు, ఎందుకంటే అతని మైదానం ప్రైవేటుది.

పూర్తిగా ప్రైవేటుదేనా? 2017 సెప్టెంబరులో అలబామాలోని హంట్స్‌విల్ సభలో అప్పటికి అధ్యక్షుడైన ట్రంపే మోకరిల్లినవాళ్ళను ఉద్యోగాల్లోంచి తీసెయ్యమని యజమానులను ఉసిగొల్పాడు. అంతకు రెండేళ్ళ ముందు సెనేటర్లు జాన్ మెకెయిన్, జెఫ్ ఫ్లేక్ ఇచ్చిన నివేదిక ఇంకో సంగతి బయటపెట్టింది. మైదానాల్లో జరిగే దేశభక్తి ప్రదర్శనలకు, సైనిక సన్మానాలకు రక్షణశాఖ జట్లకు డబ్బు కట్టింది. రాజ్యం డబ్బూ తీసుకున్నారు, రాజ్యం మాటా విన్నారు, జవాబు చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం మాది సొంత వ్యాపారం అన్నారు.

ఇద్దరి నిరసనల్లో ఇంకో తేడా ఉంది. అలీది మాట. నిషేధం నడిచిన మూడున్నరేళ్ళూ కాలేజీల చుట్టూ తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. వియత్‌కాంగ్‌తో నాకు తగాదా లేదన్న అతని మాటకు ఇంకో అర్థం తీయడం ఎవరివల్లా కాలేదు. కేపర్నిక్‌ది భంగిమ. భంగిమకు అర్థం చెప్పేది చూసేవాడు. నల్లవాళ్ళ మీద జరిగే పోలీసు కాల్పుల గురించి అతను వేసిన ప్రశ్న నెలల్లోనే జెండా గురించిన, సైన్యం గురించిన ప్రశ్నగా మారిపోయింది. తర్వాత అతను దాదాపు మౌనంలోకి వెళ్ళాడు. విరాళంగా ఇస్తానన్న పది లక్షల డాలర్లు ఇచ్చాడు, ఒక వ్యాపార ప్రకటనలో కనిపించాడు, మాట మాత్రం అరుదు. ఆ మౌనం అతని గౌరవాన్ని పెంచిందేమో గానీ అతని వాదాన్ని బలహీనపరిచిందనే నా అభిప్రాయం. 1967లో అలీకి అండగా క్లీవ్‌లాండ్‌లో క్రీడాకారులను కూడగట్టిన జిమ్ బ్రౌన్ కూడా యాభై ఏళ్ళ తర్వాత జెండాను తాను అవమానించనని అన్నాడు. అలీ మాట స్పష్టంగా విన్నవాడు కేపర్నిక్ మోకాలును ఇంకోలా చదివాడు.

పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత 2020 జూన్‌లో, ఆటగాళ్ళ మాట ముందే వినకపోవడం తప్పేనని లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్ ఒప్పుకున్నాడు. ఆ ప్రకటనలో కేపర్నిక్ పేరు లేదు. జాతివివక్షను అంతం చేద్దామన్న నినాదం ఆ ఏడాది నుంచి మైదానాల చివర గడ్డి మీద కనిపించింది. 2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లియన్స్‌లో, ట్రంప్ స్వయంగా హాజరైన సూపర్ బౌల్‌లో, ఆ నినాదం తీసేసి ప్రేమను ఎంచుకోమని రాశారు.

అలీ అట్లాంటాలో మళ్ళీ చేతితొడుగులు వేసుకున్నప్పుడు అతనికి 28 ఏళ్ళు. నాలుగేళ్ళ తర్వాత కిన్షాసాలో టైటిల్ తిరిగి గెలిచాడు. కేపర్నిక్ ఆఖరిసారి ఆడింది 2017 జనవరి 1న, సియాటిల్ జట్టు మీద. అప్పటికి అతని వయసు 29.