గుంపులో చూడాల్సిన గెలాక్సీ

ఈ చైత్ర అమావాస్యకు మబ్బు పట్టలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు డాబా మీద ఎనిమిదంగుళాల డాబ్సోనియన్ దూరదర్శినిని నడినెత్తికి ఎత్తి, ఎం87 గెలాక్సీని పట్టుకుని, పదో తరగతి పరీక్షలు రాసి సెలవులకు వచ్చిన మా మేనకోడల్ని పిలిచాను. పిల్ల కన్ను ఆనించి చాలాసేపు చూసింది. “అద్దం మీద ఎవరో ఊపిరి వదిలినట్టుంది మామయ్యా. ఇంతేనా?” అంది.

మొదటి మాటకు పొంగిపోయాను. ఎం87ను అంత సరిగ్గా వర్ణించినవాళ్లు నాకు తగల్లేదు. రెండో మాట మాత్రం వారమంతా నన్ను వదల్లేదు.

ఈ శీర్షికను మొదటినుంచీ చదువుతున్నవారికి నా పట్టుదలలు తెలుసు. వీధి దీపాలకు పైన మూతలుండాలి. వెలుగు రోడ్డు మీద పడాలి గానీ ఆకాశంలోకి పోకూడదు. ఇక రెండోది, ఒక రాత్రికి ఒక్కటే. ఒక చోట కుదురుగా కూర్చుంటే శని వలయాల నడుమ చీలిక కనబడుతుంది, ఒరాయన్ నెబ్యులాకు రెక్కలు తేలతాయి. చూపు నిలిస్తేనే చూపు. పది వస్తువుల మీద పరుగులు పెట్టినవాడికి పదీ దక్కవు.

ఆ నమ్మకంతోనే పిల్లను అక్కడే కూర్చోబెట్టాను. పక్కింటి బల్బు వెలుగు పడకుండా తల మీద తువ్వాలు కప్పాను. సూటిగా కాదు, ఓరకంట చూడమన్నాను. కంటి వెనక తెర నడిభాగానికి మసక వెలుగు అందదు, పక్కభాగానికి అందుతుంది. కాసేపటికి మరక కొంచెం పెద్దదైంది, మధ్యలో వెలుగు చిక్కబడింది, అంచు ఎక్కడ ముగిసిందో తేలలేదు. అంతే. అంతకుమించి రాదు కూడా. ఎం87 దీర్ఘవృత్తాకార గెలాక్సీ. సర్పిల గెలాక్సీకి ఉండే చేతులు దీనికి లేవు. కొత్త తారలు పుట్టే నీలి మడుగులు లేవు. దాదాపు గుండ్రంగా, వెయ్యి కోట్ల ఏళ్లు దాటిన పండు నక్షత్రాలతో నిండి ఉంటుంది. క్యాలెండర్ల వాళ్లు దీని జోలికే రారు.

చెప్పడానికి సంగతులు లేక కాదు. 2019 ఏప్రిల్ 10న ప్రపంచమంతా చూసిన నారింజ రంగు వలయం దీని నడిబొడ్డున ఉన్న కృష్ణబిలానిదే. దాని బరువు సుమారు 650 కోట్ల సూర్యులంత. 1918లో అమెరికాలోని లిక్ వేధశాలలో హీబర్ కర్టిస్ ఫొటో పలకల మీద దీని కేంద్రం నుంచి పొడుచుకొచ్చిన తిన్నని గీత ఒకటి గమనించాడు. ఈనాడు దాన్ని జెట్ అంటున్నాం. పొడవు దాదాపు 5,000 కాంతి సంవత్సరాలు. ఇవన్నీ పిల్లకు చెప్పాను, శ్రద్ధగా వింది. అయినా చెప్పింది ఒక చోట, కంటి ముందున్న మరక ఒక చోట. రెండూ అతకలేదు.

ఇక్కడే నాకు షార్ల్ మెస్సియే గుర్తొచ్చాడు. పారిస్‌లో తోకచుక్కల కోసం రాత్రుళ్లు కాపుకాసిన మనిషి. తోకచుక్కలా భ్రమపెట్టే మసక మరకలకు పట్టీ రాసుకున్నాడు. ఎం87లోని ‘ఎం’ ఆయనదే. 1781 మార్చి 13న ఇంగ్లండ్‌లో విలియం హెర్షెల్ కంటబడిన కొత్త వెలుగు తర్వాత యురేనస్ గ్రహంగా తేలింది. అది జరిగిన ఐదు రోజులకు, మార్చి 18 రాత్రి, మెస్సియే కన్యారాశిలోనూ దాని పొరుగునూ వెతుకుతూ పోయాడు. ఒక మరక, పక్కనే ఇంకోటి, ఆ పక్కన మరోటి. పట్టీలో 84 నుంచి 91 వరకు ఎనిమిది అంకెలు ఆ ఒక్క రాత్రివే. ఆకాశంలో ఈ దిక్కున నెబ్యులాలు ఎక్కువగా ఉన్నాయని కూడా రాసిపెట్టాడు. అవి గెలాక్సీలని అప్పటికి ఎవరికీ తెలియదు, ఆ సంగతి 1920ల దాకా తేలలేదు. తెలియకుండానే ఆయన మనకు దగ్గర్లోని పెద్ద గెలాక్సీల గుంపును మొదటిసారి గుంపుగా గుర్తించాడు. ఒక్క మరక దగ్గరే ఆగి ఉంటే అది జరిగేది కాదు.

ఆ రాత్రి మేమూ అదే పని చేశాం. తక్కువ పవరు ఐపీసు పెట్టి గొట్టాన్ని మెల్లగా పడమటికి నెట్టాం. నడినెత్తిన డాబ్సోనియన్ మొండికేస్తుంది, మొదలు పట్టుకుని తిప్పాలి. రెండు పున్నమి చంద్రుల వెడల్పు దాటాక ఒకే చూపులో రెండు మరకలు వచ్చాయి. ఎం86, ఎం84. వాటి పక్కన ఇంకా చిన్నవి. “ఇన్నా!” అంది పిల్ల.

ఇప్పుడు సంగతులు అతికాయి. ఈ గుంపులో వెయ్యికి పైగా గెలాక్సీలున్నాయి. ఎం87 మనకు దాదాపు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, దాని నడుమ కూర్చుంది. పొరుగువాటిని మింగి పెరిగింది. చిలీలోని పెద్ద దూరదర్శినితో 300 గ్రహ నెబ్యులాల (ముసలి తారలు వదిలిన వాయు పొరల) వేగాలు కొలిచి, గత 100 కోట్ల ఏళ్లలోనే ఇది ఒక మధ్యస్థ గెలాక్సీని మింగిందని 2015లో తేల్చారు. వచ్చి కలిసిన వాటి చేతులూ పళ్లేలూ చెదిరి, నక్షత్రాలు అన్ని దిక్కులా కలగలిసిపోయాయి. చేతులు లేని ఎం87 నునుపు అలా వచ్చింది. గుంపు నిండా కోట్ల డిగ్రీల వేడి వాయువు పరుచుకుని ఉంది. నడుమనున్న వాయువు చల్లారి కొత్త తారలు కట్టకుండా కృష్ణబిలపు జెట్ వేడి ఎగదోస్తూ ఉంటుంది. అటు ఎం86 గుంపులోకి ఎంత జోరుగా పడుతోందంటే, ఆ దారిలో మనవైపే సెకనుకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తోంది. దాని వాయువు వెనక తోకలా ఊడి సాగుతోంది.

ఎం87లో కనబడనిదంతా దాని చుట్టుపక్కల ఉంది. చేతులెందుకు లేవంటే పొరుగును చూపాలి. కొత్త తారలెందుకు పుట్టడంలేదంటే పొరుగును చూపాలి. ఒక రాత్రికి ఒక్కటే అన్నమాట శనికి చెల్లుతుంది, ఒరాయన్ నెబ్యులాకు చెల్లుతుంది. గుంపు నడుమ కూర్చున్న గెలాక్సీకి చెల్లదు. దాన్ని చూపదలచినవాళ్లు ముందు గొట్టం కదపాలి, తర్వాతే నిలపాలి.

వైశాఖ అమావాస్య దగ్గర్లోనే ఉంది. దూరదర్శిని ఉన్నవాళ్లు ఊరి వెలుగు దాటి వెళ్లండి. సింహం తోక చివరనున్న ఉత్తర ఫల్గుణికీ, కన్యలోని విండెమియాట్రిక్స్‌కీ సరిగ్గా నడుమ గురిపెడితే ఎం84, ఎం86 దొరుకుతాయి. అక్కడి నుంచి కాస్త తూర్పుకు జరిగితే ఎం87. ఇంట్లో పిల్లలుంటే వాళ్లనూ తీసుకెళ్లండి. మరకలు ఎన్ని దొరికాయో వాళ్లచేత లెక్కపెట్టించి, ఆ లెక్క నాకు రాయండి.