కుడికాలు, ఎడంచెయ్యి

రింగో స్టార్‌ది పుట్టుకతో ఎడంచేతి వాటం. లివర్‌పూల్‌లో పెరిగే రోజుల్లో నాయనమ్మ పట్టుబట్టి కుడిచేత్తో రాయడం అలవాటు చేసింది. డ్రమ్స్ ముందు కూర్చున్నాక కూడా అతను కుడిచేతివాళ్లకు తగ్గట్టు అమర్చిన సెట్ మీదే వాయించాడు. బీటిల్స్ పాటల్లో దరువులు అలా ఎందుకు నడుస్తాయో చెప్పాలంటే ఇక్కడే మొదలుపెట్టాలి.

పాటలో ఒక చరణం ముగిసి ఇంకొకటి అందుకునే సందులో డ్రమ్మర్ వాయించే చిన్న ముక్కని ఫిల్ అంటారు. కుడిచేతివాడైతే ఒడి ముందున్న స్నేర్ మీద అందుకుని, ఎదురుగా ఉన్న టామ్ మీదుగా, కుడిపక్కన నేల మీద నిలబెట్టిన ఫ్లోర్ టామ్ దాకా ఒక్క ఊపున వెళ్లిపోతాడు. కుడిచెయ్యి ముందు నడుస్తుంది, ఎడమది వెంట వస్తుంది. రింగోకి ముందు నడిచేది ఎడంచెయ్యి. ఆ దారిన పోవాలంటే చేతులు ఒకదానికొకటి అడ్డం పడతాయి. అందుకని అతను ఒక క్షణం ఆగి, చెయ్యి మార్చుకుని, కొంచెం ఆలస్యంగా దిగుతాడు. ఆ ఆలస్యంలోనే అందమంతా ఉంది. 1969 నాటి ‘కమ్ టుగెదర్’ మొదట్లో హై హ్యాట్ అనే జంట సింబల్స్ మీద గలగలమని, టామ్‌ల మీదికి జారి ఆగిపోయే ఆ దెబ్బల్ని ఇప్పటికీ సరిగ్గా అదే బరువుతో వాయించడం కుడిచేతివాళ్లకు కష్టమే. 1966లో వచ్చిన ‘రెయిన్’ తన వాయింపుల్లో ఉత్తమమైనదని రింగో స్వయంగా చాలాసార్లు చెప్పుకున్నాడు. నాకూ అదే అనిపిస్తుంది.

రింగో గొప్ప డ్రమ్మర్ కాదని ఒక మాట దశాబ్దాలుగా తిరుగుతోంది. అది జాన్ లెనన్ అన్నదని కూడా చెబుతారు. లెనన్ అన్న దాఖలా లేదు. బీటిల్స్ స్టూడియో టేపులన్నీ విన్న చరిత్రకారుడు మార్క్ లూయిసన్ లెక్కలో, రింగో పొరపాటు వల్ల రికార్డింగ్ ఆగిపోయిన సందర్భాలు బహు తక్కువ. ఎనిమిదేళ్ల పాటు, ఏ పాట ఎటు తిరుగుతుందో తెలియని ముగ్గురు రచయితల వెనక కూర్చుని లయ తప్పకుండా నిలబడటం ఎంత పెద్ద విద్యో వాద్యం పట్టినవాళ్లకి తెలుసు.

రాక్ డ్రమ్మర్లను పోల్చేటప్పుడు నైపుణ్యాన్ని ఒక వైపు, ఆకర్షణని ఇంకో వైపు పెట్టి తూచడం అభిమానుల అలవాటు. ఇతను వేగంలో మేటి, అతను వేదిక మీద మనిషి అంటారు. ఈ విడదీతే తప్పని నా నమ్మకం. మనల్ని కట్టిపడేసిన ప్రతి డ్రమ్మర్ ఆకర్షణా అతని చేతిపనిలో ఎక్కడో ఒక ప్రత్యేకమైన అలవాటు నుంచి పుట్టింది.

పోలిక చేసేముందు వాద్యం సంగతి కాస్త చెప్పాలి. డ్రమ్ సెట్ నాలుగు అవయవాల వాద్యం. కుడికాలు బేస్ డ్రమ్ పెడల్ మీద, ఎడంకాలు హై హ్యాట్ పెడల్ మీద. మామూలుగా కుడిచెయ్యి హై హ్యాట్ మీద సన్నగా కాలాన్ని కొలుస్తూ ఉంటే, ఎడంచెయ్యి స్నేర్ మీద పడుతుంది. నాలుగు మాత్రల ఆవృత్తంలో బేస్ డ్రమ్ ఎక్కువగా ఒకటి, మూడు మీద, స్నేర్ రెండు, నాలుగు మీద. ఆదితాళం వేసే చేతికి మొదటి దెబ్బే ఆధారం. రాక్ సంగీతంలో ఒళ్లు ఊగేది రెండో మాత్ర మీద, నాలుగో మాత్ర మీద. ఆ రెండు దెబ్బలు ఎంత సూటిగా పడతాయి, ఎంత వెనక్కి లాగుతాయి అన్నదాన్ని బట్టే ఒక డ్రమ్మర్‌ని కళ్లు మూసుకుని పోల్చుకోవచ్చు.

చార్లీ వాట్స్‌ని అలా పోల్చుకోవడం అన్నిటికన్నా తేలిక. 1963 జనవరిలో రోలింగ్ స్టోన్స్‌లో చేరేనాటికి అతను గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేస్తున్న జాజ్ పిచ్చివాడు. జాజ్ సాక్సోఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ మీద బొమ్మల పుస్తకం వేశాడు. జాజ్ డ్రమ్మర్ల పాత సెట్లు కొని దాచుకున్నాడు. ఎడంచేతి పుల్లని కూడా జాజ్ వాళ్లలాగా వేళ్ల మధ్య వాలుగా పట్టుకునేవాడు. అతని చేతిలో ఒక విచిత్రం ఉంది. స్నేర్ మీద దెబ్బ పడే రెండో మాత్ర, నాలుగో మాత్ర మీద కుడిచేతిని హై హ్యాట్ నుంచి పైకి తీసేసేవాడు. మిగతా డ్రమ్మర్లు రెండూ కలిపి కొడతారు. వాట్స్ స్నేర్‌ని ఒంటరిగా వదిలేవాడు. దాంతో ఆ దెబ్బ చుట్టూ కాస్త గాలి ఆడుతుంది, దరువుకి ఒక వాలు వస్తుంది. చూడటానికి కూడా ఆ చెయ్యి ప్రతిసారీ పైకి లేచి ఆగడం ఒక మర్యాదలా ఉండేది.

అతని ముందు ఉన్నది నాలుగే డ్రమ్ముల చిన్న గ్రెచ్ సెట్. వేదిక ముందు గాయకుడు మిక్ జాగర్ ఎంత గెంతినా వెనక ఈ మనిషి ముఖంలో మార్పు ఉండేది కాదు. బయట చక్కగా కుట్టించిన సూట్లలో కనిపించేవాడు. ఆ బృందంలో లయకి నాయకుడు కీత్ రిచర్డ్స్ గిటార్. డ్రమ్స్ దాన్ని అనుసరించేవి. మామూలు బృందాల్లో జరిగేదానికి ఇది తలకిందులు. ‘హాంకీ టాంక్ విమెన్’ మొదలైన వేగం ఒకటి, ముగిసే వేగం ఇంకొకటి. లెక్కప్రకారం అది దోషం. వింటుంటే ఆ పాట మనిషిలా ఊపందుకుంటున్నట్టు ఉంటుంది. ‘యు కాంట్ ఆల్వేస్ గెట్ వాట్ యు వాంట్’ రికార్డింగులో నిర్మాత జిమ్మీ మిల్లర్ అనుకున్న నడక తనకి కుదరకపోతే, వాట్స్ పుల్లలు అతనికే ఇచ్చి పక్కకి తప్పుకున్నాడు. ఆ పాటలో వినిపించే డ్రమ్స్ మిల్లర్‌వి. 2003 ఏప్రిల్‌లో స్టోన్స్ బెంగళూరు, ముంబయిల్లో వాయించినప్పుడు అతనికి అరవై దాటాయి. చెయ్యి అలాగే లేచేది.

కీత్ మూన్ అతనికి పూర్తిగా ఎదురు ధ్రువం. 1964లో ద హూ బృందంలో చేరేనాటికి ఇంకా ఇరవై నిండలేదు. త్వరలోనే రెండు బేస్ డ్రమ్ములు, వరసగా టామ్‌లు, చుట్టూ సింబల్స్‌తో ఒక కోట కట్టుకున్నాడు. చాలాకాలం హై హ్యాట్ జోలికే పెద్దగా పోలేదు. కాలాన్ని కొలిచే పనిముట్టునే పక్కన పెట్టాడన్నమాట. ఇది అల్లరి అనుకునేవాళ్లున్నారు. కానీ ఆ బృందం నిర్మాణం చూస్తే అర్థమవుతుంది. గిటార్ వాయించే పీట్ టౌన్షెండ్ పెద్దపెద్ద స్వరగుచ్ఛాలతో లయని పట్టుకునేవాడు. బేస్ వాయించే జాన్ ఎంట్విసిల్ ముందుకొచ్చి రాగం అందుకునేవాడు. కాలం కొలిచే బాధ్యత గిటార్ తీసుకుంది కాబట్టి మూన్‌కి స్వేచ్ఛ దొరికింది. అతను తాళాన్ని కాదు, గాయకుణ్ని వెంబడించేవాడు. రోజర్ డాల్ట్రీ ఒక మాట ముగించిన చోట టామ్‌లు విరుచుకుపడతాయి, ఊపిరి తీసుకున్న చోట సింబల్ మోగుతుంది. గాయకుడి సంగతిని పట్టుకుని మృదంగం నింపే పద్ధతికి అలవాటుపడిన చెవికి మూన్ మొదటిసారి విన్నా గందరగోళంగా అనిపించడు. రాక్‌లో ఆ రోజుల్లో అలా ఇంకెవరూ చెయ్యలేదు.

పాట నిండా తానే ఉన్న ఈ మనిషికి డ్రమ్ సోలోలంటే విసుగు. అందరూ ఆగి తన ఒక్కడి వాయింపు వినడం అతనికి అక్కర్లేదు. పక్కన ఎవరో ఒకరు పాడుతుండాలి.

అతనికి క్రమశిక్షణ లేదనేవాళ్లు ‘బాబా ఓ’రైలీ’ వినాలి. ఆంధ్రదేశంలోనూ ఎందరో భక్తులున్న మెహెర్ బాబా పేరునీ, అమెరికన్ స్వరకర్త టెర్రీ రైలీ పేరునీ కలిపి టౌన్షెండ్ ఆ పాటకి పెట్టాడు. 1971లో వచ్చిన ఆ పాట కింద ముందే రికార్డు చేసిన యంత్ర వాద్యం ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. అది ఎవరి కోసమూ ఆగదు, తగ్గదు. వేదిక మీద మూన్ తలకి హెడ్‌ఫోన్లు కట్టుకుని, ఆ టేపు వింటూ, దాని గీత దాటకుండా తన తుఫానంతా దానిమీద నడిపించేవాడు.

మిగతా జీవితం మీద అతనికి ఆ అదుపు లేదు. 1967లో అమెరికన్ టీవీ కార్యక్రమంలో బేస్ డ్రమ్ లోపల మందుగుండు పెట్టి పేల్చితే సింబల్ ముక్క ఎగిరి అతని చేతినే కోసింది. 1973 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర కచేరీ మధ్యలో మత్తుమందుల ప్రభావంతో కుప్పకూలితే, ప్రేక్షకుల్లోంచి పందొమ్మిదేళ్ల కుర్రాణ్ని పైకి పిలిచి కచేరీ ముగించారు. ఇలాంటివి వీరగాథల్లాగా చెప్పుకునేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది. 1978 సెప్టెంబరు 7న, మద్యం మానడానికి డాక్టరు ఇచ్చిన మాత్రలే మోతాదు మించి మింగి చనిపోయాడు. 32 ఏళ్లు.

మూన్ అన్నీ నింపితే, న్యూయార్క్‌లో వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బృందపు మో టక్కర్ దాదాపు అన్నీ తీసేసింది. ఆమె నిలబడి వాయించేది. బేస్ డ్రమ్‌ని పక్కకి పడుకోబెట్టి, మెత్తటి తలలున్న పుల్లలతో కొట్టేది. సింబల్స్ ముట్టుకోవడమే అరుదు. పోలికల జాబితాల్లో ఆమె పేరు తరచుగా జారిపోతుంది. ఒకే దరువుని వదలకుండా నిలబెట్టడానికి కావలసిన బలం వేగానికి కావలసిన బలం కన్నా తక్కువేం కాదు.

ఇక జాన్ బోనమ్. ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో 1948లో పుట్టాడు. తండ్రిది భవన నిర్మాణం పని. కొడుకు కూడా కొన్నాళ్లు ఆ పనిలోకి వెళ్లాడు. గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నది లేదు. 1969లో లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట ‘గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్’ విన్న డ్రమ్మర్లు ఇతను రెండు బేస్ డ్రమ్ములు వాడాడనుకున్నారు. వాడింది ఒక్కటే, ఒక్క పెడల్. మూడు దెబ్బల గుత్తిలో చివరి రెండింటినీ కుడికాలితోనే, రెప్పపాటులో వేశాడు. తర్వాత 26 అంగుళాల బేస్ డ్రమ్‌కి మారాడు. అప్పట్లో చాలామంది వాడేవి 20, 22 అంగుళాలవి. వాద్యం పెద్దదయ్యేకొద్దీ చర్మం నెమ్మదిగా కదులుతుంది, కాలు ఎక్కువ కష్టపడాలి.

అతనికి పేరు తెచ్చింది బలం. కానీ బలవంతంగా కొట్టేవాడన్న మాట నిజం కాదు. చర్మాల్ని గట్టిగా బిగించి, దుప్పట్లు కుక్కకుండా, వాద్యాన్ని దాని సహజ స్వరంతో మోగనిచ్చేవాడు. ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ కోసం 1970-71 చలికాలంలో జరిగిన పని అందుకు సాక్ష్యం. హాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రాంజ్ అని ఒక పాత భవనం. 1795లో పేదల ఆశ్రమంగా కట్టింది. దాని ముందు హాల్లో, మెట్ల కింద డ్రమ్స్ పెట్టారు. ఇంజనీరు ఆండీ జాన్స్ రెండంటే రెండు మైకుల్ని పైనున్న మెట్ల దగ్గర నుంచి వేలాడదీశాడు. ఒక్కో డ్రమ్ముకీ ఒక్కో మైకు పెట్టే పద్ధతిని వదిలేసి, దూరం నుంచి ఆ హాలంతటినీ రికార్డు చేశాడు. ఇలా చేస్తే దాచుకోవడానికి ఏమీ ఉండదు. ఏ దెబ్బ ఎంత గట్టిగా వినపడాలో బోనమ్ చేతులూ కాళ్లే తేల్చాలి, తర్వాత ఏ మీటా దాన్ని సరిచెయ్యలేదు. పాట మొదలయ్యేది ఒక్క డ్రమ్స్‌తోనే. రెండు, నాలుగు మాత్రలు ఒక వెంట్రుకవాసి వెనక్కి వాలి పడతాయి. ఆ కొన్ని క్షణాల దరువుని తర్వాత హిప్‌హాప్ వాళ్లు కోసుకుని తమ పాటలకి పునాది వేసుకున్నారు. 1986లో బీస్టీ బాయ్స్ అలాగే చేశారు.

అతనిలో ఇంకా నచ్చేది సంయమనం. 1975లో వచ్చిన ‘కశ్మీర్’ చూడండి. పేరు మనదైనా, గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌కి ఆ మాటలు తట్టింది దక్షిణ మొరాకో ఎడారి దారిలో. గిటార్ మూడేసి మాత్రలుగా తిరుగుతుంటుంది, డ్రమ్స్ నాలుగేసి మాత్రలుగా. తిశ్రం మీద చతురశ్రం. పన్నెండో మాత్ర దాటాక రెండూ కలిసి సమంలో పడతాయి, మళ్లీ విడిపోతాయి. తన సత్తా చూపించుకోవడానికి ఇంతకన్నా అవకాశం ఏముంటుంది? బోనమ్ అలంకారాలేవీ పెట్టకుండా నిటారుగా నడిచాడు. అతను అంత స్థిరంగా ఉండబట్టే గిటార్ తిరుగుడు మనకి తెలుస్తుంది. 1979 నాటి ‘ఫూల్ ఇన్ ద రెయిన్’లో మళ్లీ పూర్తిగా వేరు. స్నేర్ మీద పెద్ద దెబ్బల మధ్య వినీ వినపడనంత మెత్తటి చిన్న దెబ్బలు పరుచుకుని ఉంటాయి. అమెరికన్ డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ చేతిలో పేరుపడ్డ నడక అది. ఆ గొలుసుని బోనమ్ కుడికాలితో కలిపి కట్టాడు. ‘మోబీ డిక్’ సోలోలో పుల్లలు పారేసి ఉత్త చేతులతో వాయించేవాడు. ఆ భాగమంటే నాకు పుల్లలతో వాయించినదానికన్నా ఇష్టం.

సోలోల మాట వస్తే క్రీమ్ బృందపు జింజర్ బేకర్‌ని దాటిపోలేం. రాక్‌లో పొడుగాటి సోలోకి ‘టోడ్’తో దారి వేసింది అతనే. 1970ల్లో, అప్పటికి నైజీరియా రాజధానిగా ఉన్న లాగోస్ వెళ్లి స్టూడియో పెట్టి, అక్కడి సంగీతకారుడు ఫెలా కూటీతో కలిసి వాయించాడు. కెనడా బృందం రష్‌లో నీల్ పియర్ట్ లెక్కల మనిషి. ఏడు మాత్రల ఆవృత్తాన్ని స్టేడియం జనం చేత ఊగించాడు, పాటలకి మాటలు కూడా తనే రాశాడు. పేరు మోగిపోయాక, నలభై దాటాక, డ్రమ్స్ గురువు ఫ్రెడ్డీ గ్రూబర్ దగ్గర మొదటి పాఠం నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ వినయానికి చేతులెత్తి మొక్కాలి. అతని సోలోల్లో మాత్రం ప్రతి దెబ్బా ముందే తన స్థానం తెలుసుకుని వచ్చినట్టుంటుంది. నాకు అంత నిశ్చయం మీద మనసు నిలవదు.

ఎవరు గొప్ప అని నన్ను తేల్చమంటే, వాద్యం మీద అధికారంలో బోనమ్‌ని మించినవాడు ఆ తరంలో లేడంటాను. ధైర్యంలో మూన్. ఒక బృందంలో అరవై ఏళ్లకి దగ్గరగా కూర్చోబెట్టుకోదగ్గ మనిషి వాట్స్. వాద్యాన్ని లోకానికి అంటించినవాడు రింగో. 1964 ఫిబ్రవరి 9న అమెరికన్ టీవీలో ఎడ్ సలివన్ షోలో అతన్ని ఎత్తైన గద్దె మీద కూర్చోబెట్టారు. 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. రెండు పుల్లల్నీ ఒకేలా పట్టుకుని, తల ఊపుతూ, నవ్వుతూ వాయించాడు. అమెరికాలో పిల్లలు అదే పట్టు, అదే లుడ్విగ్ సెట్ కావాలన్నారు.

ఒక డ్రమ్మర్ ఏపాటివాడో అతను లేనప్పుడు బృందం చేసిన పని కూడా చెబుతుంది. బోనమ్ 1980 సెప్టెంబరు 25న చనిపోయాడు, అతనికీ 32 ఏళ్లే. డిసెంబరు 4న మిగతా ముగ్గురూ ఇక కొనసాగలేమని ప్రకటించారు. 2007లో లండన్‌లో ఒక్క రాత్రి పూర్తి కచేరీ చేసినప్పుడు ఆ స్థానంలో కూర్చున్నది కొడుకు జేసన్. వాట్స్ 2021 ఆగస్టులో పోయాడు. అనారోగ్యంతో ఉండగానే తన బదులు డ్రమ్మర్ స్టీవ్ జోర్డన్ వెళ్లడానికి ఒప్పుకున్నాడు. స్టోన్స్ అతనితోనే సాగుతున్నారు. ద హూ మాత్రం చాలాకాలం తడుముకుంది. మూన్ తర్వాత వచ్చిన కెన్నీ జోన్స్ లయలో నికార్సయిన మనిషి. అయినా ఆ బిగువు తనకి సరిపడలేదని డాల్ట్రీ బాహాటంగానే చెప్పాడు. 1996 నుంచి ఆ స్థానంలో వాయించిన జాక్ స్టార్కీ రింగో కొడుకు, చిన్నప్పుడు మూన్ నుంచి డ్రమ్ సెట్ అందుకున్నవాడు. చరణం నడుస్తున్నంతసేపూ స్నేర్‌ని తండ్రిలాగా స్థిరంగా పట్టుకుని, డాల్ట్రీ ఊపిరి తీసుకునే చోటికి రాగానే టామ్‌ల మీదికి ఉరికేవాడు.