ఇసుక మీద గుడి

ఇసుకతో కట్టేది అనగానే మనకు పిచ్చుక గూళ్లు గుర్తొస్తాయి. పాదం మీద తడి ఇసుక కప్పి, చేత్తో తట్టి, మెల్లగా కాలు లాగేస్తే గూడు నిలుస్తుంది. ఎండ తగిలేదాకానే దాని ఆయుష్షు. అలాంటి ఇసుక మీద కాకతీయుల శిల్పులు రాతి గుళ్లు నిలబెట్టారు. హనుమకొండలో రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి, పాలంపేటలో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి, రెండూ గుంత తవ్వి ఇసుక నింపిన పునాది మీదివే. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు ఈ పునాది గురించి బోలెడు మాటలు వినిపించాయి. ‘భూకంపానికీ చలించని అద్భుతం’ అన్నవాళ్లే ఎక్కువ. ఇంతకీ ఆ గుంతలో ఇసుక చేసే పనేమిటి?

బేస్‌మెంట్‌లో ఇసుక నింపి నీళ్లు కట్టడం చూసినవాళ్లకు సగం సంగతి తెలిసే ఉంటుంది. సాయంత్రం నిండుగా కనిపించిన ఇసుక తెల్లారేసరికి దిగి ఉంటుంది. రేణువులు సర్దుకుని ఒకదాన్నొకటి పట్టుకున్నాక ఇక కుంగేది కొంచెమే. బంకమట్టి అలా కాదు. బరువు పెడితే ఏళ్ల తరబడి నెమ్మదిగా అణుగుతూనే ఉంటుంది. పైగా ఇసుక నీటికి ఉబ్బదు, ఎండకు బీటలు వారదు.

మిగతా సగం ఆ గుంత గోడల్లో ఉంది. సంచిలో పోసిన ఇసుక మీద మనిషి నిలబడగలడు. సంచి చిరిగితే కాలి కింది ఇసుక పక్కలకు జారిపోతుంది. చుట్టూ ఉన్న గట్టి నేలే ఇక్కడ సంచి. ఇసుక పక్కకు పోలేదు కాబట్టి స్తంభం మోపిన బరువును వెడల్పుగా పరిచి కింది నేలకు అప్పగిస్తుంది. కింద పరుపు సిద్ధం చేసిన శిల్పులు పైన బరువూ తగ్గించారు. రామప్ప శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. ఆ ఇటుకను శిల్ప విడ్డూరంగా చూపిస్తారు గానీ, నా లెక్కలో అది పునాది పనిలో భాగమే.

అయితే దీన్ని మంత్రంగా చూడకూడదు. రామప్ప మండపంలో నడిస్తే నేల కొన్నిచోట్ల ఎగుడుదిగుడుగా కాలికి తగులుతుంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో రాయి రాయీ విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చింది. అది భక్తులకు తెరుచుకున్నది 2024లో. ఎనిమిది వందల ఏళ్ల వయసుకు ఇవి చిన్న జబ్బులేనని నా అభిప్రాయం. జబ్బే రాదనడం మాత్రం ఆ శిల్పులను పొగడడం కాదు.

గుళ్ల నుంచి మన ఇళ్ల పునాదులకు వద్దాం. మట్టి యాంత్రికశాస్త్రానికి ఆద్యుడైన కార్ల్ టెర్జాగి 1943 నాటి పుస్తకంలో ఒక కొలత పెట్టాడు: లోతు తన వెడల్పును మించని పునాది లోతు తక్కువ పునాది. లోతు తక్కువంటే రకం తక్కువని కాదు. మన ఊళ్లలో ఇళ్లు చాలావరకు ఈ కోవలోవే. పాత మిద్దెల కింద గోడ పొడవునా రాతి పునాది ఉంటుంది. అడుగున వెడల్పుగా మొదలై మెట్లుమెట్లుగా సన్నబడుతూ గోడను అందుకుంటుంది. పిల్లర్ల ఇళ్లొచ్చాక ఒక్కో పిల్లరుకు ఒక్కో ఫుటింగ్ వచ్చింది. దాని లెక్క కష్టమేం కాదు. పిల్లరు మీద నలభై టన్నులు పడుతుంటే, చదరపు మీటరుకు ఇరవై టన్నులు మోసే నేలలో రెండు చదరపు మీటర్ల అడుగు కావాలి. ఫుటింగ్ సొంత బరువూ కలిపి మీటరున్నర చదరం వేస్తారు. అదే నేల పది టన్నులే మోసేదైతే అడుగు రెట్టింపవుతుంది. పక్కింటి హద్దుకు ఆనుకున్న పిల్లరుకు ఫుటింగ్‌ను అటువైపు చాపలేరు కాబట్టి దాన్ని లోపలి పిల్లరుతో కలిపి ఒకే ఫుటింగ్ వేస్తారు. నేల మరీ మెత్తనైతే ఇల్లంతటికీ చాప పరిచినట్టు ఒకటే రాఫ్ట్.

అసలు చిక్కు నల్లరేగడితో. వానకు ఉబ్బి, ఎండకు చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చే నేల అది. బరువుకు కుంగడం అటుంచి, తేలికపాటి ఇంటిని పైకి ఎత్తగలదు కూడా. ఇక్కడ రామప్ప పేరు చెప్పి గుంతలో ఇసుక కుమ్మరిస్తే సరిపోదు. వాన నీరు ఇసుకలోంచి దిగి అడుగున ఉన్న రేగడికే చేరుతుంది, అదింకా ఉబ్బుతుంది. అందుకే చాలాచోట్ల రేగడి తీసేసి మొరం నింపి దిమ్మిసతో గట్టిపరుస్తారు, ఇంటి చుట్టూ నీరు నిలవకుండా చప్టా వేస్తారు. రేగడి మందంగా ఉంటే లోతు తక్కువ పునాదిని వదిలేసి, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన, నేలలోకి లోతుగా దిగే అండర్-రీమ్డ్ పైళ్లకు పోవడమే మేలు. అడుగున గంటలా వెడల్పయ్యే ఆ పైళ్లు పై నేల ఉబ్బినా ఇంటిని పట్టి ఉంచుతాయి.

‘పక్కింటాయన అయిదడుగులు తీశాడు, మనమూ అంతే తీద్దాం’ అనే మాట ముగ్గు పోసే రోజు ప్రతి స్థలంలోనూ వినిపిస్తుంది. పక్కింటి కింద ఉన్నది మొరం కావచ్చు, మీ కింద ఒకప్పటి కుంట పూడ్చిన మట్టి కావచ్చు. ముహూర్తం పెట్టుకునే ముందే స్థలంలో రెండు మూడు చోట్ల గుంత తీయించి, ఏ మట్టి ఎంత లోతు దాకా ఉందో మీ కళ్లతో చూడండి. ఆ మట్టిని పరీక్షకు పంపి, ఆ కాగితం వచ్చాకే మేస్త్రిని పిలవండి.