వినోదపఠనము: పాలమూరు గ్రంథములు మూఁడు

కావ్యప్రయోజనములను లెక్కించిన మమ్మటుఁడు కీర్తిని, ధనమును, వ్యవహారజ్ఞానమును, అమంగళనివారణమును, కాంతాసమ్మితమగు నుపదేశమును బేర్కొని, చదివిన తక్షణమే కలుగు పరమానందమును వాని కన్నిటికిని దలమానికముగా నెన్నెను. ఈ మాటను శిష్యులకుఁ జెప్పని పండితుఁడు లేఁడు. కాని బడిలోఁ గావ్యము నడచు తీరు దీనికి విరుద్ధము. అచ్చటఁ బద్యము ప్రతిపదార్థమునకును, విగ్రహవాక్యమునకును, పరీక్షలోని ప్రశ్నకును లోఁబడి యుండును. ఆనందము లభించిన లభించును, లేకున్న నడుగువాఁడు లేఁడు. వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలెనన్న, పాఠ ముత్సర్గముగాను వినోద మపవాదముగాను నిలిచినవి. అపవాద ముత్సర్గమును బాధించునని శాస్త్రము. బడిలో మాత్ర ముత్సర్గమే యపవాదమును మ్రింగుచున్నది.

ఏ విధియు లేక కేవలము ప్రీతికై చదివినపుడు పూర్వగ్రంథ మెట్లుండునో పరీక్షించుటకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల గ్రంథములు మిక్కిలి తగినవి. 2016లో నివి వేర్వేఱు జిల్లాలైనవి గాని, అంతకుముందు పాలమూరను నొక్క పేరనే చెల్లినవి. గద్వాలకు 'విద్వద్గద్వాల' యను ప్రఖ్యాతి యుండెను. తిరుపతివేంకటకవు లా సంస్థానమును దర్శించినవారే. జటప్రోలు, వనపర్తి సంస్థానములును బండితపోషణమునఁ బేరందినవి. సంస్థానములు గతించినవి. ఆ సీమలోఁ బుట్టిన గ్రంథములలోఁ జంద్రికాపరిణయము, రంగనాథరామాయణము, ఆంధ్రుల సాంఘికచరిత్ర యను మూఁడును మూఁడు విధములగు ప్రీతులను గలిగించును. వాని తారతమ్యమే యిచ్చట విచార్యము.

మొదటిది చంద్రికాపరిణయము. జటప్రోలు ప్రభువగు సురభి మాధవరాయలు పదునేడవ శతాబ్దిలో దీనిని రచించి మదనగోపాలస్వామి కంకితము చేసెను. శ్రీశైలజలాశయమువలన జటప్రోలు మునుఁగుటచే నాలయములను మిట్టప్రదేశమునకుఁ దరలింపవలసి వచ్చెను; కావ్యము మాత్రము పండితుల యిండ్లలో నున్నచోటనే యుండి, తెఱచువారు లేక ధూళి గప్పుకొనుచున్నది. వసుచరిత్రమార్గము ననుసరించిన యీ ప్రబంధమునఁ గథ స్వల్పము. సుచంద్రుఁడు చంద్రికను వరించుట యను సన్నని దారమున వర్ణనలు, శ్లేషలు, యమకములు గ్రుచ్చఁబడినవి. వ్యాఖ్యానము చేత లేనిచోఁ బండితునకైన నడుగు సాగదు.

ఇట్టి గ్రంథము ప్రీతికొఱకుఁ జదువఁదగినదా యను ప్రశ్న సహజము. దినమున కాశ్వాసము చొప్పునఁ జదువువానికిఁ దలనొప్పి తప్ప మఱేమియు మిగులదు. దినమున కొక పద్యము చొప్పునఁ జదువువానికి మాత్రము వేఱొక లోకము దోఁచును. ఒకే యక్షరపంక్తి యొకవిధముగా విఱిచిన రాజునకును, మఱొకవిధముగా విఱిచినఁ జంద్రునకును జెల్లినపుడు, సంధిసూత్రము లన్నియు నీ క్షణముకొఱకే పుట్టినవా యనిపించును. సూత్రములను వల్లించిన కాలమున నెఱుఁగని రుచి, వాని ప్రయోగమును జూచినపుడు వైయాకరణునకుఁ దెలియును. ఆ సంస్థానమువారి యభిరుచియు నట్టిదే. సురభి మల్లభూపాలుని పేర భర్తృహరి సుభాషితములను మల్లభూపాలీయముగాఁ దెలిఁగించిన ఎలకూచి బాలసరస్వతియే యాంధ్రశబ్దచింతామణికిఁ దెలుఁగువ్యాఖ్య వ్రాసెను. రాఘవయాదవపాండవీయమున మూఁడుకథల నొక్కమాఱే నడపెను. శబ్దశాస్త్రమును గవిత్వమును నొక్క యింటి బిడ్డలుగాఁ బెరిగిన చోటది.

అయినను గుణదోషములను వేఱుపఱుపక తప్పదు. 'నవకంబలుఁడు' అనఁగాఁ గ్రొత్తకంబళి గలవాఁడని యొకఁ డుద్దేశింపఁగా, తొమ్మిది కంబళ్ళు గలవాఁడని పట్టి వేఱొకఁడు వాదించినచోఁ దర్కమున నది ఛలము. కావ్యమున రెండవ యర్థము వర్ణ్యవస్తువునకు వన్నె తెచ్చినచో నది శ్లేష. వన్నె తేక కేవలము పాఠకుని దారి మఱలించిన శ్లేష ఛలమునకుఁ జుట్టము. మాధవరాయల పద్యములలో నీ రెండు జాతులును గలవు. వ్యాఖ్యాత రెంటిని నొక్కతీరుననే విప్పి చూపును. అది యతని ధర్మము. ప్రీతికై చదువువాఁడు మొదటిదానికడ నిలిచి రెండవదానిని దాఁటిపోవును. ఆ దాఁటుటయే విమర్శము.

రెండవదగు రంగనాథరామాయణమునఁ బ్రీతి వేఱుత్రోవను వచ్చును. పేరు రంగనాథునిదైనను, గ్రంథములోఁ గర్తగాఁ జెప్పఁబడినవాఁడు గోన బుద్ధారెడ్డి; తండ్రియగు విట్ఠలుని పేర దీనిని నిర్మించినట్లు గ్రంథమే చెప్పుచున్నది. ఉత్తరకాండ మతని కుమారులది. గోనవారి వర్ధమానపురము నాగర్‌కర్నూలునకుఁ జేరువనున్న నేఁటి నంది వడ్డెమాను. కర్తృత్వమును గుఱించి జరిగిన వాదములన్నియుఁ బ్రోగుచేసిన మూలగ్రంథమంత కాఁగలవు. ఆ వాదములలోఁ దిరిగినవారిలో నెంద ఱా ద్విపదలను గొంతెత్తి చదివిరో సందేహము.

మూఁ డింద్రగణములు, నొక సూర్యగణము, పిమ్మట మరల నంతే. ఈ నడక కంటితోఁ జదువుట కేర్పడినది కాదు. మౌనముగాఁ జదువువానికి నాలుగు పుటలలో విసువు పుట్టును. కంఠ మెత్తినచో నలువది పుటలు తెలియకయే గడచును. వాల్మీకమున లేని కథ లిందుఁ జాలఁ గలవు: సేతుబంధమున నుడుత చేసిన సేవ, నిద్రాదేవి లక్ష్మణుని యెదుట నిలుచుట, ఇంద్రజిత్తు మరణానంతరము సులోచన పడిన యార్తి. మూలముతోఁ బోల్చి వీనిని బ్రక్షిప్తములని త్రోయువాఁడు పండితుఁడే. కాని యుడుతకథ నెఱుఁగని తెలుఁగు బిడ్డ లేఁడు, వాల్మీకమున నది లేదని యెఱిఁగినవారే కొలఁదిమంది. తోలుబొమ్మలాటవారు తరతరములుగా నీ ద్విపదలను బాడిరి. వ్యాఖ్యానము లేకయే గ్రామములలో బ్రతికిన కావ్య మిది. అప్పటి శ్రోతల కెవ్వరును బరీక్ష పెట్టలేదు. తెల్లవాఱుదాఁకఁ గూర్చుండుటయే వారి తీర్పు.

మూఁడవది వచనగ్రంథము. ఆలంపురమునకుఁ జేరువనున్న బోరవెల్లిలో 1896లో జన్మించి, గోలకొండ పత్రికను నడపి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించి, 1952లో వనపర్తినుండి శాసనసభకు నెన్నికైన సురవరము ప్రతాపరెడ్డి 1949లో ఆంధ్రుల సాంఘికచరిత్రను బ్రకటించెను. అతఁడు 1953లో గతించెను. కేంద్ర సాహిత్య అకాడెమీ తెలుఁగున కిచ్చిన మొదటి పురస్కారము 1955లో నీ గ్రంథమునకు వచ్చెను. చాళుక్యులకాలమునుండి యిరువదవ శతాబ్ది తొలినాళ్ళవఱకుఁ దెలుఁగువారు తిన్నది, కట్టినది, ఆడినది, నమ్మినది యిందలి విషయము. రాజుల వంశావళు లిందుఁ బ్రధానములు కావు.

ఈ పుస్తకము నింత ప్రీతిపాత్రముగాఁ జేసినది దాని కర్త చదివిన తీరు. పాల్కురికి సోమన గ్రంథములు, క్రీడాభిరామము, శుకసప్తతి, హంసవింశతి మొదలగువానిలోఁ బండితులు త్వరగా దాఁటిపోవు పద్యములకడ నతఁడు పీట వేసికొని కూర్చుండును. ఓరుగంటి పూటకూటింటి భోజనము, పిల్లల యాటల పట్టిక, నగల పేరులు వాని కన్నిటికిని వెల గట్టును. ఆటపేరునకు నిఘంటువు 'క్రీడావిశేషము' అని యర్థము వ్రాసి యూరకుండుట యతనికి సరిపడదు. ఏ యాట, ఎట్లాడుదురు, తెలంగాణపు పల్లెలలో దాని పేరేమి యని వెదకును. పండితుని యెఱుకయుఁ బల్లెవాని యెఱుకయు నొక్కచోఁ గలియుటవలన, చదువువానికిఁ దన యూరి వీథియే పూర్వకావ్యమునఁ గానవచ్చును. ఇట్టి గుర్తింపు శ్లేషానందమునకుఁ దక్కువ కాదు.

ఇచ్చటను నొక యపాయము కలదు. కావ్యమును సాక్షిగాఁ బిలుచువాఁడు సాక్ష్య మియ్యని కావ్యమును బనికిరానిదిగా నెంచుట కలవాటుపడును. ఆ కొలఁతను జంద్రికాపరిణయమున కొక్క పుటయైన దక్కదు. మఱియుఁ గవి చెప్పిన ప్రతిమాటయు సాక్ష్యము కాదు. హంసవింశతిలోని దీర్ఘమగు పట్టికలలోఁ గవి చూచినదెంత, విన్నదెంత, పట్టిక నింపుటకై కూర్చినదెంత యని యడుగవలసియే యుండును. ప్రతాపరెడ్డి పాండిత్య మీ ప్రశ్నల నెఱుఁగనిది కాదు. అతని త్రోవనుబట్టి పోవువారు మాత్రము సామగ్రిని దీసికొని కావ్యమును విడిచివేయుదురు.

కావున నేర్పడిన దేమనఁగా, వ్యాఖ్యాతచేతఁ గావ్య మభ్యాసమగును, కర్తృవాదిచేత వ్యాజ్యమగును, చరిత్రకారునిచేత సాక్షి యగును. ఈ మూఁడు పనులును నవసరములే. కాని ప్రీతితోఁ జదువువాఁ డొకఁడు ముందుగా లేనిచో వీనికి మూలధనము లేదు. సదాశివశాస్త్రియు శేషశాస్త్రియుఁ జంద్రికాపరిణయమునకు శరదాగమవ్యాఖ్యను వ్రాయుటకు ముందు దానిని బ్రేమించియుండవలెను. ప్రతాపరెడ్డి సామగ్రికొఱకు వెదకుటకు ముందు హంసవింశతికి నవ్వియుండవలెను.

పాఠశాలాపండితులకు దీనివలన వచ్చు పని యొకటి కలదు. వారమున కొక గంట ప్రశ్నయు, మార్కులును, ప్రతిపదార్థమును లేక కావ్యపఠనము జరుగవలెను. రంగనాథరామాయణమునుండి యుడుతకథను గంఠమెత్తి చదువవలెను. హంసవింశతిలోని యాటలలోఁ దమ యూరిలో నేవి మిగిలినవో పిల్లలనే యడుగవలెను. ఏఁడాది చివరఁ జంద్రికాపరిణయమునుండి యొక్క శ్లేషపద్యమును నల్లబల్లపై వ్రాసి, రెండు విధముల విఱిచి చూపవలెను. అయితే, తానే గంట కాలమైనను దనకొఱకుఁ జదువని పండితుఁ డీ పనిని జేయలేఁడు. పరీక్షాపత్రమునకు వెలుపల గురువు పుస్తకము తెఱచుట యెన్నఁడును జూడని శిష్యుఁడు, పరీక్ష ముగిసిన మఱునాఁడే దానిని మూయును; తప్పతనిది కాదు.