ఒంటెద్దు లెక్క

పోయిన ఆదివారం కర్నూల్లో పెళ్లి. పంక్తిలో నా పక్కన మేనల్లుడు. గచ్చిబౌలిలో డేటాతో పని చేస్తాడు. భక్ష్యం మీద నెయ్యి వేయించుకుంటూ, "మామా, మీ జేజినాయన వాళ్లంతా కార్తెలు చూసి గుడ్డిగా విత్తనం వేసేవాళ్లు కదా. ఇప్పుడు ఎప్పుడు విత్తాలో మెషీనే చెప్తుంది" అన్నాడు. గుడ్డిగా అన్న మాట దగ్గర నాకు ముద్ద దిగలేదు.

వాడు చెబుతున్నది 2016 నాటి దేవనకొండ సంగతి. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి మా జిల్లాలోని ఆ మండలంలో 175 మంది రైతులకు తెలుగులో మెసేజ్‌లు పంపాయి. పైరు బుడ్డలు. కోస్తా వాళ్లకు వేరుశనగ. స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేదు, మామూలు డబ్బా ఫోన్ చాలు. 1986 నుంచి 2015 దాకా ఆ ప్రాంతపు వాతావరణ లెక్కలన్నీ మెషీన్‌కు పోసి, ఆ ఏడు పడుతున్న వానను, పడబోయే వాన అంచనాను కలిపి, పైరుకు చాలినంత తేమ నేలలో ఎప్పుడు నిలుస్తుందో తేల్చారు. శాస్త్రవేత్తలు ఆ తేమ లెక్కకు పెద్ద పేరే పెట్టుకున్నారు. మా ఊళ్లో పదును అంటారు. జూన్ మొదటి వారంలో గొర్రు కట్టి విత్తే అలవాటున్న వాళ్లను ఆఖరి వారం దాకా ఆగమంది మెసేజ్. ఆగినవాళ్లకు సగటున 30 శాతం దిగుబడి పెరిగిందని ఆ పని చేసినవాళ్లు చెప్పారు. వంట బాగుందని వండినవాళ్లే చెబితే నేను పక్కవాళ్లను కూడా అడుగుతాను. అది నా చాదస్తం.

జూన్ ఆఖరి వారమంటే ఆరుద్ర కార్తె. కార్తెలు మాత్రం ఏమిటి? సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులకు ఒక పేరు పెట్టి, ఆ రోజుల్లో వాన ఎలా పడుతుందో, పురుగు ఎప్పుడు లేస్తుందో తరతరాలుగా చూసి గుర్తుపెట్టుకున్న లెక్క. దాన్ని గుడ్డితనం అంటే ఎట్లా? వాడికి రుజువు చూపించాలని పంతం పట్టాను. పెళ్లి నుంచి నేరుగా ఊరికి తీసుకుపోయి అటకెక్కించాను.

అక్కడ జేజినాయన ట్రంకుపెట్టె ఉంది. అందులోంచి పంచాంగాలు తీశాం. విరోధికృత్ నుంచి రుధిరోద్గారి దాకా, అంటే 1971 నుంచి 1983 దాకా. రెండు ఎలుకలపాలయ్యాయి, మిగిలినవి పదకొండు. ప్రతి దానిలో కార్తె పేజీ అంచున నీలిరంగు పెన్సిల్‌తో ఆయన చేతిరాత. "మృగశిర 4వ నాడు పదును వాన. గొర్రు కట్టినాము." ఇంకో చోట, "బెట్ట. మొలక మాడె. మళ్లా విత్తనము అప్పు." ఒక సంవత్సరం పేజీలో వానే లేదు, విత్తనాల మూటలు ఎన్ని మిగిలాయో మాత్రం ఉంది.

మేనల్లుడు నోరెత్తకుండా ల్యాప్‌టాప్ తెరిచాడు. నేను చదువుతుంటే వాడు పట్టికలో ఎక్కించాడు. మొదటి పదును వాన, గొర్రు కట్టిన రోజు, మళ్లా విత్తారా లేదా. కూలి పని లాంటిదే, గంటన్నర పట్టింది. వాడి వృత్తిలో మూడొంతులు ఇదేనట. మెషీన్ నేర్చుకోవడం చివరి పావుగంట ముచ్చటట. ఆ మాట విన్నాక వాడి మీద కోపం సగం పోయింది.

లెక్క తేలాక నా పంతం కూడా పోయింది. పదకొండేళ్లలో ఎనిమిదేళ్లు జేజినాయన ఆరుద్రకు ముందొచ్చే మృగశిరలోనే విత్తాడు. అందులో ఐదేళ్లు బెట్ట తగిలి మళ్లా విత్తనం కొన్నాడు. ఆరుద్రలో విత్తిన మూడేళ్లూ ఒక్కసారే విత్తాడు. అంతా తన చేత్తోనే రాసుకున్నాడు, ఒక్కనాడూ కూడి చూసుకున్నట్టు లేదు. "చూశావా మామా" అంటాడనుకున్నాను. అనలేదు. "మూడేళ్లతో ఏమీ చెప్పలేం. పైగా ఆ మూడేళ్లు ఆయన కావాలని ఆగలేదు, వాన రాక ఆగాడు. రెండూ ఒకటి కాదు" అన్నాడు. పిల్లవాడికి పని వచ్చు.

అయినా నాకు నిద్ర పట్టలేదు. అంత జాగ్రత్తగా రాసుకున్న మనిషికి అది కనిపించకుండా ఉంటుందా? తెల్లారి చిన్నాయనకు ఫోన్ చేశాను. ఆ రోజుల్లో గొర్రు పట్టింది ఆయనే. విని నవ్వాడు.

"తెలీకేంరా, ఆరుద్ర దాకా నిలిస్తే మేలని మీ జేజినాయన రోజూ గొణిగేటోడు. మనకు ఒగ ఎద్దే గదా ఉన్నింది. ఇంకోటి పక్కింటోళ్లది, పొత్తు. వాళ్లది నల్లరేగడి, నిదానంగా ఇత్తుకుంటారు. వాళ్లకు కాడి అవసరం పడకముందే మన ఎర్రచేను కానియ్యల్ల. ఇంక పదును యాడ చూస్తాం?"

పంచాంగం అంచున ఎద్దు సంగతి ఒక్క అక్షరం లేదు. రోజూ కళ్ల ముందుండేది ఎవరు రాసుకుంటారు?

కాబట్టి ఆయనకు మెషీన్ అక్కర్లేదని రాద్దామని కూర్చున్నవాణ్ణి, ఆ మెసేజ్ వచ్చి ఉంటే బాగుండేదనే రాస్తున్నాను. ఆరుద్ర అని గట్టిగా చెప్పే కాగితం ఒకటి చేతిలో ఉంటే, ఎద్దు కోసం పక్కింటివాళ్లతో ఇంకో మాట మాట్లాడేవాడేమో. మాట్లాడకపోయినా నష్టం లేదు. దేవనకొండ మెసేజ్ సలహా, వింటే విన్నారు లేకపోతే లేదు. నాకు పడనిది సలహా ఉత్తర్వుగా మారడం. తెలంగాణలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు కంప్యూటర్ లెక్కల మీద, ఇంటికొచ్చి చూడకుండా రద్దు చేశారని కేసు పడితే, 2022లో సుప్రీంకోర్టు క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని చెప్పాల్సి వచ్చింది. గడప తొక్కితే తప్ప ఆ ఇంటి ఒంటెద్దు కనపడదు.

మేనల్లుడు పట్టికలో "ఎద్దు" అని ఇంకో వరస చేర్చాడు. చిన్నాయన గుర్తున్నంత వరకు ఆరేళ్లకు నింపించాడు. ఐదు గళ్లు ఖాళీ. మీ అటక మీద పాత పంచాంగాలుంటే పాత పేపర్లవాడికి వేయకండి. ఆ ఏళ్లలో గొర్రు పట్టినవాళ్లు ఇంకా ఉంటే ఈ వారమే ఫోన్ చేయండి.