అనురణనము – ఆశుసంగీతము: 'డీప్ లిజనింగ్' పై ఒక పరిశీలనము

మన యాలంకారికులు సంలక్ష్యక్రమవ్యంగ్యమును వివరించుచు, దానిని గంట మ్రోగిన పిదప వినవచ్చు అనురణనముతో బోల్చిరి. ఆ పోలికలో గంటదెబ్బ మొదటిది. అనురణనము దాని ననుసరించునది. ఈ పౌర్వాపర్యము తాఱుమాఱై అనురణనమే కళకు ముఖ్యవస్తువైనచో కర్తృత్వ మెవ్వరిది? ఆశుకల్పన యను మాటకు అర్థమేమి? ఈ ప్రశ్నల విచారణకు 1988లో అమెరికాలో ధ్వనిముద్రితమైన 'డీప్ లిజనింగ్' అను సంగీతకృతి తగిన లక్ష్యమని మా యభిప్రాయము.

వాషింగ్టన్ రాష్ట్రమున పోర్ట్ టౌన్‌సెండ్ చెంత, సముద్రతీరరక్షణకై కట్టబడిన ఫోర్ట్ వోర్డెన్ అను కోట కలదు. 1953లో సైన్యము దానిని విడిచెను. అందు 20 లక్షల గ్యాలన్ల నీరు పట్టు భూగర్భజలాశయ మొకటి శూన్యమై యుండెను. 1988 అక్టోబరు 8వ తేదీన పాలీన్ ఆలివెరోస్, స్టూవర్ట్ డెంప్‌స్టర్, పనయోటిస్ అను మువ్వురు 14 అడుగుల లోతునకు దిగి, అచట ఆశువుగా సంగీతము కల్పించిరి. ఆలివెరోస్‌ది అకార్డియన్, డెంప్‌స్టర్‌ది ట్రాంబోన్, డిజరీడూ, పనయోటిస్‌ది ముఖ్యముగా గాత్రము. న్యూ ఆల్బియన్ సంస్థ దీనిని 1989లో ప్రకటించినది. భూమిలోని లోతును, వినుటలోని లోతును కలిపిన శ్లేషగా పుట్టిన యీ పేరే తరువాత ఆలివెరోస్ శ్రవణసాధనకు పారిభాషికపద మైనది.

అచటి అనురణనము 45 సెకనులు నిలుచునని ప్రసిద్ధి. శాస్త్రమున అనురణనకాల మనగా ధ్వనిశక్తి పదిలక్షలవ వంతునకు తగ్గుటకు పట్టు కాలము. మంచి సంగీతసభామందిరమున అది రెండు సెకనుల ప్రాంతము. ఈ భేదము పరిమాణమునకు మాత్రమే చెందినది కాదు. ఒక స్వర మణగకముందే పెక్కు స్వరములు దానిపై బడుటచే, వరుసగా వాయించినవి ఏకకాలమున వినవచ్చును. స్వరసంచారము స్వరసమ్మేళనముగా మాఱును. ద్రుతగమన మిచట పొసగదు. ఆలివెరోస్ తన అకార్డియన్‌ను సమవిభాగశ్రుతులకు గాక శుద్ధనిష్పత్తులు గల శ్రుతులకు సవరించుకొనుట యిందువలననే సార్థకమైనది. లేనిచో చిరకాలము నిలిచిన స్వరములు ఒండొంటితో నొరసికొని కంపించును.

దీనిని మన యాశుకవిత్వముతో బోల్చి చూతము. అవధాని తన పూరణమును ధారణలో నిలుపుకొనును; పాదము నోట వెడలువఱకు దానిని మార్చుకొను స్వేచ్ఛ యాతనికి గలదు. ఈ జలాశయమున ధారణ గోడలది. పలికిన స్వరమును అవి ముప్పాతిక నిమిషము మఱవవు, ఉపసంహరణ మసాధ్యము. వాద్యకారుడు చేయగలిగినది తన గతస్వరమును విని, దానికి ఒదుగు స్వరమును ఎన్నుకొనుట, కానిచో మౌనము వహించుట. కావున నిచట ప్రతిభ వాయించుటకంటె వినుటయందే యెక్కువగా వ్యక్తమగుచున్నది.

అట్టి చోట నేది వాయించినను మధురమే యగును గదా, ఘనత కట్టడమునదే యని కొందఱనవచ్చును. ఈ వాదము నిలువదు. అచట నప్రయత్నముగా లభించునది మాధుర్యము కాదు, కలగాపులగపు రొద. సుమారు 25 నిమిషముల 'లియర్' అను ఖండమున ఏది ట్రాంబోన్, ఏది అకార్డియన్ అని తెలియరాని ఘట్టములు కలవు. ఆ యైక్యము నిగ్రహఫలమే.

అయినను ఈ విధానమునకు పరిమితులు గలవు. ఇందు తాళము నిలువదు. పదమునకు తావులేదు, హల్లులు మసకబారి అచ్చులు మాత్రమే మిగులును. వాచ్యము లేనిచోట దాని నాశ్రయించు వ్యంగ్యమును వెదకరాదు. కనుక దీనిని ధ్వనికావ్యమునకు సమానమనుట పోలికను సిద్ధాంతముగా గొనుటయే యగును. మఱియు జలాశయమున నలుదెసల నుండి చుట్టుకొను శబ్దము, మన యింట రెండు స్పీకర్లనుండి ఎదుటికి మాత్రమే వచ్చుచున్నది. ముద్రణమున స్థలానుభవము కొంత లోపించినది. అయినను ఆ స్థలము శబ్దమునకు ఇచ్చిన ప్రత్యుత్తరము దక్కినది.

ఆశుకళలయందు ప్రతిభ యనగా పలుకునేర్పు మాత్రమే యను తలంపును ఈ కృతి సవరించుచున్నది. అవధానవిద్యను పరిశోధించు విద్యార్థులు పూరణపద్యముల సేకరణతో తృప్తిపడక, అవధాని యెట్లు వినుచున్నాడు, విన్నదాని నెట్లు నిలుపుకొనుచున్నాడు అను విషయమును గూడ విచారింపవలయునని మా మనవి.