తెరమీద కనిపించని శవం

ప్రతినాయకుడిమీద ప్రేక్షకుడికి జాలి పుట్టించడం మనకు కొత్త కాదు. 1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ'లో ఎన్.టి. రామారావు సుయోధనుడికి చప్పట్లు కొట్టినవాళ్ళకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే పౌరాణికాల్లో ప్రతినాయకుడు రాజు. రాజు కూలిపోతుంటే ఏడవడం మనకు అలవాటే. ఆ ప్రతినాయకుడు రాజు కాక, ఒక కంపెనీ తయారుచేసి అమ్మిన బానిస అయితే ప్రేక్షకుడి జాలి ఎటు నడుస్తుంది? దాన్ని అటు నడిపించేది ఎవరు? ఈ ప్రశ్నకు నేను తీసుకుంటున్న ఉదాహరణ 1982లో రిడ్లీ స్కాట్ తీసిన అమెరికన్ చిత్రం 'బ్లేడ్ రన్నర్'. అందులో ప్రతినాయకుడు రాయ్ బాటీ. ఆ పాత్ర వేసినవాడు డచ్చి నటుడు రట్గర్ హావర్.

చూడనివారికోసం కథ క్లుప్తంగా చెప్తాను. లాస్ ఏంజెలిస్ నగరం, 2019 నవంబరు. టైరెల్ కార్పొరేషన్ అనే సంస్థ అచ్చం మనుషుల్లాంటి జీవుల్ని తయారుచేసి, భూమికి అవతల ఉన్న వలసలకు పనికోసం పంపుతుంది. వాళ్ళ పేరు రెప్లికెంట్లు. మరయంత్రాలు కారు, రక్తమాంసాలున్నవాళ్ళే. బాటీని చేసింది యుద్ధానికి. లియాన్‌ను బరువులు మొయ్యడానికి. జోరాను హత్యాదళానికి. ప్రిస్‌ను సైనికుల విలాసానికి. కొన్నేళ్ళు బతికితే వీళ్ళకు సొంత ఉద్వేగాలు పుడతాయేమోనని కంపెనీకి భయం. అందుకని నాలుగేళ్ళకు మించి బతక్కుండా తయారీలోనే ఏర్పాటు చేశారు. వీళ్ళు భూమ్మీద అడుగుపెడితే చంపెయ్యాలని చట్టం. చంపడం అని మాత్రం అనరు, 'రిటైర్ చెయ్యడం' అంటారు. (పింఛను లేని రిటైర్మెంటు!) ఆ పని చేసే పోలీసు పేరు డెకార్డ్. మానేసిన ఉద్యోగంలోకి అతన్ని బెదిరించి మళ్ళీ దింపుతారు.

బాటీ భూమికి వచ్చింది ప్రపంచాన్ని జయించడానికి కాదు. తన యజమానిని వెతుక్కుంటూ వచ్చాడు. అడిగేది ఒకే ఒకటి: ఇంకొంచెం ఆయుష్షు. కూలివాడు పనిగంటలు తగ్గించమని అడుగుతాడు. బాటీకి గంటలు, రోజులు అనే లెక్కే లేదు. అతని బతుకంతా ఒక్క పనిదినం. పని అయిపోయాక బతుకు కూడా అయిపోవాలని యజమాని నిర్ణయించాడు. ఈ ఒక్క విషయం అర్థమైన ప్రేక్షకుడికి బాటీమీద సానుభూతి మొదటి అరగంటలోనే కలగాలి. అతను మంచివాడా చెడ్డవాడా అన్నది ఆ తర్వాతి మాట.

ఈ సమస్య మన కాలానికి ముందే రంగస్థలం మీదికొచ్చింది. 'రోబో' అనే మాటను లోకానికిచ్చిన నాటకం చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన 'ఆర్.యు.ఆర్.'. రాసింది 1920లో, ప్రాగ్‌లో ప్రదర్శించింది 1921లో. చెక్ భాషలో 'రొబోటా' అంటే భూస్వామికి రైతు చెయ్యాల్సిన నిర్బంధ చాకిరి. తెలంగాణ వాడికి దీనికి నిఘంటువు అక్కర్లేదు, అది వెట్టి. చాపెక్ నాటకంలో రోబోలు తిరగబడి మానవజాతిని తుడిచిపెడతారు, ఒక్క ఆల్‌క్విస్ట్‌ను తప్ప. అతన్ని ఎందుకు వదిలారు? తమలాగే చేతుల్తో పనిచేసేవాడు గనక! చివరికి ఆ రోబోలూ ఆల్‌క్విస్ట్ ముందు నిలబడి ప్రాణరహస్యం చెప్పమని బతిమాలుకుంటారు. బాటీ కోరికకు మూలం అక్కడే ఉంది. పోలిక అంతటితో ఆగిపోతుంది. ఎందుకు ఆగిపోతుందన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది.

సినిమాకు ఆధారం ఫిలిప్ కె. డిక్ 1968లో ప్రచురించిన నవల. అందులో రాయ్ వేరే మనిషి. అక్కడ ఆండ్రాయిడ్లకు పరాయి ప్రాణి బాధ అర్థం కాదు. ప్రిస్ ఒక సాలీడు కాళ్ళు ఒక్కొక్కటే కత్తిరిస్తూ వినోదిస్తుంది. నాజీ సైనికుడొకడు పోలండులో రాసుకున్న డైరీ చదివాక తనకు ఈ ఆలోచన వచ్చిందని డిక్ చెప్పాడు. పిల్లల ఏడుపులవల్ల నిద్రపట్టడం లేదని ఆ సైనికుడి ఫిర్యాదు. అంటే డిక్ దృష్టిలో ఆండ్రాయిడ్ బానిస కాదు, మనిషితనం పోగొట్టుకున్న ఫాసిస్టు. నవలలో రాయ్ చావుకు ఎవరూ కన్నీరు పెట్టరు. ఆ జీవిని బానిసగా మార్చి నిలబెట్టింది సినిమా. ఆ మేరకు స్కాట్‌నూ, స్క్రీన్‌ప్లే రాసిన హాంప్టన్ ఫాంచర్, డేవిడ్ పీపుల్స్‌నూ నేను మెచ్చుకుంటాను. మనిషినీ రెప్లికెంటునూ వేరుచెయ్యడానికి వాళ్ళు పెట్టే పరీక్ష చూడండి. ఎండలో వెల్లకిలా పడ్డ తాబేలు గురించి అడిగి, కంటిపాప కదలిక కొలుస్తారు. తాబేలుమీద జాలి ఉంటే మనిషి. వీధిలో పారిపోతున్న జోరాను వెనకనుంచి కాల్చిన డెకార్డ్‌కూ, మనుషుల్లాంటివాళ్ళకు నాలుగేళ్ళ గడువు పెట్టిన టైరెల్‌కూ ఆ పరీక్ష ఎవరూ పెట్టరు.

ఇంతవరకూ బాగానే ఉంది. చివరికి వచ్చేసరికి సినిమాకు తన కథమీద తనకే నమ్మకం చాలలేదనిపిస్తుంది. మేడమీద వాన. ప్రిస్‌ను చంపినవాడు పట్టు జారి పడిపోబోతుంటే బాటీ చెయ్యి పట్టుకుని పైకి లాగుతాడు. తాను చూసిన వింతలూ తన జ్ఞాపకాలూ తనతోనే పోతాయని నాలుగు మాటలు చెప్పి తల వాల్చేస్తాడు. చేతిలోని పావురం ఎగిరిపోతుంది. ఆ మాటల్ని హావర్ తానే కుదించి, చివర సొంత వాక్యం చేర్చుకున్నాడు. గొప్ప నటన, కాదనను. వాంజెలిస్ సంగీతం సరేసరి. థియేటర్లో కళ్ళు తుడుచుకోని వాడుండడు. కాని ఆ కన్నీళ్ళు దేనికి? బానిస తన హక్కు అడిగినందుకా, తనను వేటాడినవాణ్ణి క్షమించినందుకా? రెండోదానికే. క్షమించే బానిస అంటే పాలకవర్గానికి ఎప్పుడూ ముద్దే. అందంగా మాట్లాడి చచ్చిపోతే మరీ ముద్దు. మూటలు మోసే లియాన్‌కు కవిత్వం రాదు, అతను చచ్చినప్పుడు ఎవరూ ఏడవరు.

ఇక ఆ సన్నివేశానికి కొద్దిసేపటి ముందు జరిగింది చూద్దాం. సెబాస్టియన్ అని ఒకడున్నాడు. టైరెల్ దగ్గర జీవుల రూపకల్పన చేసే పనివాడు. వయసు 25. తొందరగా ముసలితనం వచ్చే జబ్బు. ఆ జబ్బువల్ల వైద్యపరీక్షలో తప్పి వలసలకు వెళ్ళలేకపోయాడు. పాడుబడ్డ భవనంలో, తాను చేసుకున్న బొమ్మలతో ఒంటరిగా బతుకుతున్నాడు. ఆయుష్షు తక్కువైన మనిషి, చేతుల్తో పనిచేసే మనిషి. బాటీకి భూమ్మీద బంధువెవరన్నా ఉంటే అతనే. ప్రిస్‌కూ బాటీకీ ఆశ్రయం ఇస్తాడు. చదరంగం ఎత్తు వంకతో టైరెల్ గదిదాకా తీసుకెళ్తాడు. అక్కడ బాటీ టైరెల్‌ను చేతుల్తో చంపుతాడు. ఆ హత్యను కెమెరా దగ్గరనుంచి చూపిస్తుంది. యజమాని చచ్చినందుకు నాకేమీ విచారం లేదు. భయంతో వెనక్కి తగ్గుతున్న సెబాస్టియన్ వైపు బాటీ నడుస్తాడు. అంతలో దృశ్యం మారిపోతుంది. లిఫ్టులో బాటీ ఒక్కడే దిగుతుంటాడు. టైరెల్‌తోపాటు దొరికిన శవం సెబాస్టియన్‌దని తర్వాత పోలీసు రేడియోలో ఒక ముక్క వినిపిస్తుంది. ఆ శవంవల్ల కథకు ఒరిగింది డెకార్డ్ వెళ్ళడానికి ఒక చిరునామా.

చూపిస్తే ఏమయ్యేది? మేడమీది కన్నీళ్ళు అంత సులువుగా వచ్చేవి కావు. అందుకే దాచారని నా నమ్మకం. తిరుగుబాటులో చచ్చారని పోలీసు అధికారి చెప్పే 23 మందికీ తెరమీద ముఖాలు లేవు. కాని వాళ్ళు మనకు తెలియనివాళ్ళు. సెబాస్టియన్ ఇంట్లో మనం కూర్చున్నాం, అతని బొమ్మలతో నవ్వాం.

యజమాని నేర్పిన హింసే బానిస చేతిలో తిరిగొస్తుందని మిత్రులు అంటారు. టైరెల్ విషయంలో ఒప్పుకుంటాను. ఆ నౌక విషయంలోనూ వాదించను. సెబాస్టియన్ కంపెనీ మనిషే కదా, బాటీ తయారీలో తన చెయ్యి కూడా ఉందని గర్వంగా చెప్పుకున్నాడు కదా అని కూడా అనవచ్చు. నేతగాడు నేసిన బట్టతో ఉరితాడు పేనితే నేతగాణ్ణి ఉరితియ్యం. చాపెక్ రోబోలకు ఆ మాత్రం వివేకం ఉంది. కంపెనీ డైరెక్టర్లనూ ఆల్‌క్విస్ట్‌నూ వాళ్ళు విడదీసి చూశారు. బాటీ చూడలేకపోయాడు. అది పాత్ర లోపమైతే అభ్యంతరం లేదు. ఒంటరి తిరుగుబాటుదారు అలాగే గుడ్డివాడవుతాడని చూపించినా గొప్ప విషాదమే అయ్యేది. సినిమా ఆ గుడ్డితనాన్ని ప్రేక్షకుడి కంటపడనివ్వలేదు.

కాబట్టి ఆయుష్షు అడగడానికి వచ్చిన బాటీకి నా సానుభూతి మొత్తం ఇస్తాను, అతను ఎవర్నీ క్షమించకపోయినా ఇస్తాను. లిఫ్టులో ఒంటరిగా దిగిన బాటీకి ఇవ్వలేను. ఒకే పాత్ర విషయంలో రెండు తీర్పులేమిటని అడిగితే, నా దగ్గర రెండే ఉన్నాయి.

ఈ సినిమాకు చాలా కూర్పులు ఉన్నాయి. 1982 నాటి దానిలో బాటీ చావు దగ్గర డెకార్డ్ గొంతు అతని మనసులో ఏముందో మనకు విప్పి చెప్తుంది. 1992లో ఆ వ్యాఖ్యానం తీసేశారు, మంచిపని. 2007లో స్కాట్ తుదికూర్పు చేసినప్పుడు టైరెల్ గదిలో ఇంకో మార్పు వచ్చింది. సెబాస్టియన్ వైపు నడుస్తూ బాటీ అతనికి క్షమాపణ చెప్తాడు. అంటే పాతికేళ్ళ తర్వాత దర్శకుడికి ఆ శవం గుర్తుకొచ్చింది. క్షమాపణ చేర్చాడు. ఆ వెంటనే, పాత కూర్పులో లాగే, దృశ్యం మారిపోతుంది.